భాష రాని రోగికి దారి చూపాలంటే: ఆసుపత్రి గుర్తులు గీసే పద్ధతి

విశాఖపట్నం కేజీహెచ్‌కు ఒడిశా నుంచి రోగులు వస్తారు. హైదరాబాద్ పెద్దాసుపత్రులకు బీదర్, నాందేడ్ వైపు నుంచి కన్నడం, మరాఠీ మాట్లాడేవాళ్లు వస్తారు. భవనాల పనికి వచ్చిన బెంగాలీ, బిహారీ కూలీలు వస్తారు. ఊళ్లో తెలుగు, ఉర్దూ ఎలాగూ ఉన్నాయి. ఇన్ని భాషల్లో బోర్డు రాస్తే అక్షరాలు చిన్నవైపోయి ఎవరికీ కనపడవు. చదువు రానివాళ్లకైతే ఏ భాషలో రాసినా ఒకటే. గుర్తులు పనికొచ్చేది అక్కడే, అదీ సరిగ్గా చేస్తేనే. నెట్‌లోంచి ఐకాన్లు దించి ఫ్లెక్సీ షాపులో కొట్టించిన బోర్డులు చాలావరకు కొట్టించినవాళ్లకే అర్థమవుతాయి.

ఇరవై గుర్తుల సెట్టుకు ఆరు నుంచి ఎనిమిది వారాలు పెట్టుకోండి. అందులో కంప్యూటర్ ముందు గీసే పని రెండు వారాలకు మించదు. మిగతాదంతా జనంతో పని.

1. బొమ్మ కంటే ముందు వాక్యం

ఓపీ రద్దీగా ఉండే రెండు పూటలు గేటు దగ్గర, చీటీల కౌంటర్ దగ్గర నిలబడండి. సెక్యూరిటీ గార్డును జనం ఏమడుగుతున్నారో రాసుకోండి. ఎక్కువసార్లు వినపడ్డ ప్రశ్నలే మీ గుర్తుల జాబితా. ఆర్కిటెక్ట్ ఇచ్చిన గదుల పట్టిక కాదు.

ప్రతిదాన్నీ క్రియ ఉన్న ఒక వాక్యంగా రాయండి. "ఫార్మసీ" అని రాస్తే ఏం గీయాలో తెలియదు. "ఇక్కడ మందులు ఇస్తారు" అని రాస్తే ఒక చెయ్యి, ఒక మందుల స్ట్రిప్పు కళ్లముందుకొస్తాయి. వాక్యంలో రెండు పనులు వచ్చాయంటే అది రెండు గుర్తుల పని. "ఇక్కడ డబ్బు కట్టి, పక్క కిటికీలో రిపోర్టు తీసుకోండి" అన్నదాన్ని ఒక్క బొమ్మలో ఇరికించబోతే రెండూ చెడతాయి.

తర్వాత వాక్యాలను నాలుగు కుప్పలు చేయండి: ఫలానాది ఇక్కడుంది, ఇది చేయాలి, ఇది చేయకూడదు, ఇక్కడ జాగ్రత్త. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ తెచ్చిన 3864 ప్రమాణంలో నిషేధానికి అడ్డగీత ఉన్న ఎర్ర వలయం, తప్పక చేయాల్సినదానికి నీలం వృత్తం, హెచ్చరికకు నల్ల అంచు ఉన్న పసుపు త్రికోణం, క్షేమమైన దారికి ఆకుపచ్చ చతురస్రం లేదా దీర్ఘచతురస్రం ఉన్నాయి. దారి చూపే మామూలు బోర్డుకు ఈ ఆకారాలు వాడకండి. క్యాంటీన్‌కు పసుపు త్రికోణం పెడితే, నిజంగా ప్రమాదం ఉన్నచోట ఆ త్రికోణానికి విలువ ఉండదు.

ఇక్కడే కొన్నింటిని జాబితాలోంచి కొట్టేయాలి. నెఫ్రాలజీకీ యూరాలజీకీ తేడా చెప్పే బొమ్మ లేదు. జనరల్ మెడిసిన్‌కూ లేదు, ఆరోగ్యశ్రీ కౌంటర్‌కూ లేదు. వీటికి పెద్ద అంకె, నేల మీద రంగు గీత పెట్టండి. 1, 2, 3 అంకెలు బస్సుల మీద, ఫోన్లలో, నోట్ల మీద అందరూ చూసేవే. అర్థం కాని బొమ్మ కంటే అడుగు ఎత్తున్న "14" నయం. నేల గీతలు నాలుగు రంగులకు మించనివ్వకండి. ఐదోది వచ్చేసరికి ఏదో ఒక జత ట్యూబ్‌లైట్ వెలుతుర్లో ఒకేలా కనిపిస్తుంది. వినైల్ టేపు అతికిస్తే రోజూ ఫినాయిల్‌తో తుడిచేసరికి అంచులు లేచిపోతాయి. ఎపాక్సీ పెయింటే వేయించండి.

2. ఉన్నవాటిని ముట్టుకోకండి

లిఫ్ట్, మెట్లు, చక్రాల కుర్చీ, అత్యవసర ద్వారం: వీటికి జనం అలవాటుపడ్డ గుర్తులున్నాయి. ప్రజా సమాచార గుర్తుల ప్రమాణం ఐఎస్ఓ 7001 తొలిసారి 1980లో వచ్చింది. అమెరికన్ గ్రాఫిక్ ఆర్ట్స్ సంస్థ ఏఐజీఏ అక్కడి రవాణా శాఖ కోసం 1974లో 34, 1979లో మరో 16 గుర్తులు చేయించింది. ఆ యాభైనీ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఆసుపత్రుల కోసమే గీసిన సెట్టు కావాలంటే అమెరికాలోని హబ్లామోస్ హుంతోస్ ప్రాజెక్టుది చూడండి. వాటిని తెచ్చి నేరుగా గోడకెక్కించమని కాదు. కింది పరీక్షకు వాటినీ కూర్చోబెట్టండి. పరుగెత్తే మనిషి ఉన్న ఆకుపచ్చ ఎగ్జిట్ బోర్డును మాత్రం "మన థీమ్ రంగు"లోకి మార్చకండి.

ఎర్ర శిలువ వాడొద్దు. తెల్లని నేపథ్యం మీద ఎర్ర శిలువ రెడ్‌క్రాస్ చిహ్నం. జెనీవా ఒప్పందాల చట్టం, 1960 ప్రకారం కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా దాన్ని వాడకూడదు. ఊరి నిండా క్లినిక్కుల మీద, అంబులెన్సుల మీద కనిపిస్తుంది కదా అంటారు. కనిపించినంత మాత్రాన అది చట్టబద్ధం కాదు. ప్రథమ చికిత్సకు ఆకుపచ్చ మీద తెల్ల శిలువ ఉంది, అది పెట్టండి.

ఇంగ్లిష్ అక్షరాన్ని గుర్తనుకోవడం ఇంకో పొరపాటు. సమాచార కౌంటర్‌కు పెట్టే "ఐ" అక్షరం ఇంగ్లిష్ రానివాళ్లకు ఒక గీత, ఒక చుక్క. రూపాయి గుర్తు సంగతి వేరు. 2010లో వచ్చిన ఆ గుర్తు నాణేల మీద, నోట్ల మీద, ధరల చీటీల మీద రోజూ కనపడుతుంది. నగదు కౌంటర్‌కు దాన్ని ధైర్యంగా వాడొచ్చు.

3. వాళ్లచేతే వేయించండి

ఒక్కో భాష నుంచి పదిమంది చొప్పున, మొత్తం నలభై యాభై మందిని ఎంచుకోండి. సగం మంది ఐదో తరగతి దాటనివాళ్లు, సగం మంది ఆడవాళ్లు, కనీసం మూడోవంతు యాభై ఏళ్లు పైబడినవాళ్లు ఉండాలి. తెల్ల కాగితం, లావు స్కెచ్ పెన్ను ఇచ్చి, "ఇక్కడ రక్తం తీస్తారు అని మీ ఊరాయనకు చెప్పాలంటే ఏం బొమ్మ వేస్తారు?" అని వాళ్ల భాషలోనే అడగండి. ఒక్కో వాక్యానికి రెండు నిమిషాలు చాలు. ఒక్కొక్కరికి ఆరు వాక్యాలకు మించి ఇవ్వకండి, విసిగిపోతారు. "బొమ్మలేయడం మాకు రాదు" అనేవాళ్లే ఎక్కువ. అప్పుడు "ఏం వేయాలో చెప్పండి, నేను వేస్తా" అనండి.

కాగితాలన్నీ నేల మీద పరిచి, ఏ వస్తువు ఎక్కువసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. రేఖలు ఎలా ఉన్నాయన్నది పక్కనపెట్టి, ఏ వస్తువును ఎంచుకున్నారన్నదే చూడండి. మందులిచ్చే చోటుకు కల్వం, రోకలి పెట్టడం యూరప్ మందుల అంగళ్ల ఆచారం. మన దగ్గర అది పచ్చడి నూరే సరంజామా. ల్యాబ్‌కు మైక్రోస్కోప్ వేయాలని డిజైనర్‌కు తోస్తుంది, కానీ సైన్స్ ల్యాబ్ మెట్లెక్కనివాళ్లు దాన్ని ఎక్కడా చూసి ఉండరు. సూది, చేయి, సీసా చూసి ఉంటారు.

4. గడుల మీద గీయండి

20 × 20 గడుల చతురస్రం తీసుకోండి. అంచున చుట్టూ ఒక గడి ఖాళీ. ఏ గీతా ఒక గడి కంటే సన్నగా ఉండకూడదు. రెండు ఆకారాల మధ్య సందు కూడా ఒక గడికి తగ్గకూడదు. వీలైనంతవరకు గీతలతో కాకుండా నిండు ఆకారాలతో గీయండి. దూరం నుంచి సన్నగీత ముందు మాయమవుతుంది. నిలువు, అడ్డం, 45 డిగ్రీల వాలు గీతలకే కట్టుబడితే సెట్టంతా ఒక చేత్తో గీసినట్టుంటుంది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ గుర్తులకు జర్మన్ డిజైనర్ ఒట్ల్ ఐఖర్ బృందం పాటించిన క్రమశిక్షణ ఇదే.

మనిషి బొమ్మ అన్ని గుర్తుల్లోనూ ఒకే కొలతలో ఉండాలి. ముఖంలో కళ్లు, నవ్వు వద్దు. నర్సుకు టోపీ పెట్టకండి, ఇప్పుడు ఆ టోపీ చాలాచోట్ల కనపడదు. ఆడవాళ్ల మరుగుదొడ్డికి గౌను బొమ్మ చాలాచోట్ల అలవాటైంది. పల్లెల నుంచి పెద్దవయసు ఆడవాళ్లు ఎక్కువగా వచ్చే ఆసుపత్రయితే పైట, జడ ఉన్న ఆకారాన్ని కూడా పరీక్షించి, గెలిచినదాన్ని ఉంచండి. నీలం మగవాళ్లకు, గులాబీ ఆడవాళ్లకు అన్న రంగుల తేడా మీద భారం వేయకండి.

రంగు విషయంలో మన ఆహార ప్యాకెట్లే పాఠం. శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు చుక్క ఉన్నప్పుడు వర్ణాంధత ఉన్నవాళ్లకు రెండూ ఒకటే. అందుకే ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ మాంసాహారపు చుక్కను త్రికోణంగా మార్చింది. రంగు తీసేసినా తేడా మిగలాలి. గీసిన సెట్టంతా నలుపు-తెలుపులో, 1 సెంటీమీటర్ సైజులో జెరాక్స్ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. 2022లో మునుగోడు ఉప ఎన్నికప్పుడు రోడ్ రోలర్ వంటి గుర్తులు తమ కారును పోలి ఉన్నాయని టీఆర్ఎస్ ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేయడం గుర్తుందా? కింద చక్రాలు, పైన గుండ్రటి పెట్టెలాంటి ఆకారం చిన్న సైజులో దగ్గరగానే కనిపిస్తాయి. ఆసుపత్రిలో అంబులెన్సు, పార్కింగ్ కారు, స్ట్రెచర్ అలాంటి జట్టు.

నిషేధ గుర్తులో వలయం మందం వ్యాసంలో పదోవంతు, అడ్డగీత మందం 0.08 వంతు. గీత ఎడమ పైనుంచి కుడి కిందికి రావాలి, బొమ్మకు పైన పడాలి. కీలకమైన భాగం గీత కింద దాగితే బొమ్మను తిప్పండి, గీతను కాదు. సిగరెట్టును గీతతో సమాంతరంగా వేస్తే మిగిలేది వలయం మాత్రమే.

ఒక్కో వాక్యానికి మూడు రకాలు గీయండి. ఒక్కటే గీస్తే దాని మీద మమకారం పెరిగి, పరీక్షలో వచ్చిన తప్పు జవాబులను జనం మీదకు నెట్టేస్తారు.

5. పరీక్ష పెట్టండి

ఈ మెట్టు వదిలేసేవాళ్లే ఎక్కువ. సెట్టు పాడయ్యేదీ ఇక్కడే.

ఒక్కో కాగితం మీద ఒక్కటే గుర్తు, 8 సెంటీమీటర్ల సైజులో ప్రింటు తీయండి. అక్షరం ఒక్కటీ ఉండకూడదు. యాభైమందిని తీసుకోండి, మూడో మెట్టులో బొమ్మలు వేసినవాళ్లు మాత్రం వద్దు. ఒకే వాక్యానికి గీసిన మూడు రకాల్లో ఒక్కొక్కరికి ఒక్కటే చూపాలి. రెండోది చూపితే మొదటిది చూసిన జ్ఞానంతో జవాబు చెబుతారు. కాబట్టి మూడు రకాలకు మూడు యాభైలు కావాలి. అంత ఓపిక లేకపోతే ముందు పదిమందితో రెండు రకాలను వడగట్టి, మిగిలినదానికి యాభైమంది పరీక్ష పెట్టండి.

సందర్భం చెప్పండి: "ఆసుపత్రిలో ఒక తలుపు పక్కన ఈ బొమ్మ ఉంది." తర్వాత రెండు ప్రశ్నలు. "ఇది ఏం చెబుతోంది?" "ఇది చూసి మీరేం చేస్తారు?" రెండోదే ముఖ్యం. "ఇది మందుల షాపు గుర్తు, అర్థమవుతోందా అమ్మా?" అని మాత్రం అడగకండి. ఎదుటివాళ్లను నొప్పించడం ఎందుకని అందరూ "అవుతోంది బాబూ" అనేస్తారు. అప్పుడు నూటికి నూరు మార్కులు వచ్చినట్టుంటుంది, తెలిసింది మాత్రం సున్నా. జవాబును వాళ్ల మాటల్లోనే రాసుకోండి, సరిదిద్దకండి.

జవాబులను ఐదు గడుల్లో వేయండి: సరైనది, దగ్గరిది, తప్పు, ఎదురర్థం, తెలియదు. అమెరికా ప్రమాణం ఏఎన్ఎస్ఐ జెడ్535.3 భద్రతా గుర్తులకు కనీసం 85 శాతం సరైన జవాబులు అడుగుతుంది. ప్రమాదకరమైన అపార్థం 5 శాతం దాటకూడదంటుంది. యాభైమందిలో అంటే 43 సరైనవి, ఎదురర్థాలు రెండుకు మించకూడదు. దారి చూపే మామూలు గుర్తులకు 67 శాతం చాలు.

85, 5 అన్న రెండు అంకెల్లో రెండోదాన్ని, అంటే అపార్థాల లెక్కను, ముందు చూడండి. తెలియనివాళ్లు పక్కవాళ్లను అడుగుతారు. తప్పుగా తెలిసినవాళ్లు అడగరు. గర్భిణి బొమ్మ మీద అడ్డగీత వేసి, గర్భిణులు వాడకూడని మొటిమల మందు మీద ముద్రిస్తే, అది గర్భం రాకుండా చేసే మందని అర్థం చేసుకున్నవాళ్లున్నారు. అలాంటి గుర్తుకు తొంభై శాతం మార్కులొచ్చినా తీసి పారేయాల్సిందే.

6. ఎక్కడెక్కడ బెడిసికొడుతుంది

శరీర భాగాన్ని విడిగా గీస్తే: కిడ్నీ జీడిపప్పయిపోతుంది, కడుపు ఏదో సంచీ అవుతుంది. ఛాతీ నుంచి నడుము దాకా మనిషి ఆకారం గీసి, అందులో రెండు కిడ్నీలను నలుపు చేయండి. కన్ను, పన్ను, చెవి మాత్రం విడిగా నిలబడతాయి. రక్తనిధికి ఒట్టి చుక్క చాలదు, అది నీళ్లో నూనో కావచ్చు. ట్యూబు వేలాడే రక్తపు సంచీ గీయండి.

సమయం చూపేటప్పుడు: మందుల కవరు మీద నేల అంచున సగం సూర్యుడు ఉదయమా, సాయంత్రమా? రెండూ. మూడు గడులు వరసగా ఉండి చివరిది చంద్రుడైతేనే మొదటిది ఉదయమని తెలుస్తుంది. ఆ వరస అడ్డంగా ఉంటే ఉర్దూ చదివే అలవాటున్నవాళ్లు కుడినుంచి మొదలుపెట్టొచ్చు. కాబట్టి గడులను పైనుంచి కిందికి పేర్చండి. అందరి లిపులూ కలిసేది అక్కడే. మందు వేసుకునే విధానం, చేతులు కడిగే విధానం లాంటి బొమ్మల వరసలన్నింటికీ ఇదే వర్తిస్తుంది. పక్కన 1, 2, 3 కూడా వేయండి.

ఖాళీ కంచం మరో చిక్కు. ఇంకా తినలేదనా, తినేశారనా? కంచం బదులు, చేత్తో ముద్ద నోట్లో పెట్టుకునే మనిషిని గీయండి. పరగడుపున వేసుకోవాల్సిన మాత్రయితే మాత్ర బొమ్మ పైన, తినే మనిషి కింద. అన్నం కుప్పా, రొట్టే అన్న గొడవ కూడా దీంతో తీరుతుంది.

నేర్పితే తప్ప రాని గుర్తులు: మూడు రెక్కల రేడియేషన్ గుర్తు 1946లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పుట్టింది. తెలియనివాళ్లకు అది ఫ్యానులా కనిపిస్తుంది. జీవ ప్రమాద గుర్తును 1966లో డౌ కెమికల్ సంస్థలో కావాలనే ఏ వస్తువునూ పోలకుండా గీశారు, గుర్తుండిపోవాలి గానీ ముందే ఏ అర్థమూ ఉండకూడదని. ఇవి సిబ్బందికి శిక్షణ ఇచ్చి వాడేవి. ఎక్స్‌రే గది బయట రేడియేషన్ గుర్తు, ఎర్ర లైటు నిబంధన ప్రకారం ఉండాలి, ఉంచండి. కానీ రోగి ఆగేది ఆ గుర్తు చూసి కాదు, మూసిన తలుపు చూసి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ఐఎస్ఓ కలిసి 2007లో పుర్రె, పారిపోయే మనిషి ఉన్న కొత్త ఎర్ర గుర్తు తెచ్చాయి. భారత్ సహా 11 దేశాల్లో 1,650 మందితో పరీక్షించి మరీ తెచ్చారు. అర్థమయ్యేలా ఉంది కదా అని దాన్ని ఎక్స్‌రే గది తలుపుకు పెట్టకండి. అది ప్రమాదకరమైన రేడియేషన్ మూలం ఉన్న పరికరం మీద, విప్పబోయేవాళ్లను ఆపడానికి ఉద్దేశించినది, భవనాల తలుపులకు కాదు. గర్భిణి విషయంలో ఏ బొమ్మ పెట్టినా టెక్నీషియన్ నోటితో అడగాల్సిందే.

బాణాలు: పైకి చూపే బాణం "తిన్నగా వెళ్లండి" అనీ, "పై అంతస్తు" అనీ రెండు రకాలుగా పలుకుతుంది. పై అంతస్తుకైతే మెట్ల బొమ్మ జోడించండి. బాణం ఎడమకు ఉంటే చక్రాల కుర్చీ, నడిచే మనిషి కూడా ఎడమకే చూడాలి. బొమ్మ ఒకవైపు, బాణం ఇంకోవైపు చూస్తే జనం బొమ్మ వెంటే వెళ్తారు.

7. సైజు, ఎత్తు, వెలుతురు

మామూలు చూపున్న కంటికి 10 మీటర్ల నుంచి సుమారు 3 మిల్లీమీటర్ల వివరం తెలుస్తుంది. ఆసుపత్రికొచ్చే పెద్దవాళ్లలో 6/18 చూపున్నవాళ్లు (మామూలు కన్ను 18 మీటర్ల నుంచి చూసేదాన్ని 6 మీటర్లకు వస్తే గానీ చూడలేనివాళ్లు) మామూలే, వాళ్లకు దాదాపు 9 మిల్లీమీటర్లు కావాలి. మీ 20 గడుల బొమ్మలో ఒక గడి 9 మిల్లీమీటర్లకు తగ్గకూడదంటే బొమ్మ 18 సెంటీమీటర్లు. లెక్క తేలికగా ఉండటానికి, మీటరు దూరానికి 2 సెంటీమీటర్ల బొమ్మ అనుకోండి. 15 మీటర్ల వరండా చివర్నుంచి కనపడాలంటే 30 సెంటీమీటర్లు.

వరండా గోడకు అతికించిన బోర్డు నడిచేవాళ్లకు ఏటవాలుగా కనిపిస్తుంది. 60 డిగ్రీల వాలులో వెడల్పు సగమైపోతుంది. గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చే బోర్డు, లేదా పైకప్పు నుంచి వేలాడే బోర్డు పెట్టండి. వేలాడే బోర్డు అడుగు భాగం 2.3 మీటర్ల ఎత్తులో ఉంటే సెలైన్ స్టాండు తగలదు. గది గుర్తును తలుపు మీద కాకుండా గడియ వైపు గోడకు, సుమారు 1.5 మీటర్ల ఎత్తులో పెట్టండి. తలుపు తెరిచి ఉంటే దాని మీది గుర్తు ఎవరికీ కనపడదు. వినైల్ మాట్ ఫినిష్‌దే తీసుకోండి, నిగనిగలాడేదాని మీద ట్యూబ్‌లైట్ పడి బొమ్మ మధ్యలో తెల్లచార వస్తుంది.

8. మాట కూడా ఉండాలి

గుర్తు ఉందని అక్షరాలు తీసేయకండి. బొమ్మ ఒకవైపు, తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్ పక్కన. తెలుగు వత్తులకూ, ఉర్దూ రాసే నస్తాలీఖ్ శైలి వాలుకూ పైనా కిందా చోటు కావాలి. ఇంగ్లిష్ అక్షరాల వరస దూరాన్నే అన్నింటికీ పెడితే వత్తులు కింది వరసను తాకుతాయి. వరస దూరాన్ని అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టి, ఉర్దూకు ఇంకాస్త పెంచండి.

బోర్డులు పెట్టిన నెలకు మళ్లీ అదే గేటు దగ్గర, అదే రెండు పూటలు నిలబడి, గార్డును అడిగే ప్రశ్నలు లెక్కపెట్టండి. మొదటి జాబితా పక్కన పెట్టుకుంటే ఏ గుర్తు పనిచేస్తోందో తెలిసిపోతుంది. ప్రశ్నలు తగ్గని గుర్తును ముందు వెలుతురు, ఎత్తు, మలుపు సరిచూసి మార్చండి. అప్పటికీ తగ్గకపోతే దాన్ని పీకేసి గది నంబరు పెద్దదిగా రాయించండి. పరీక్ష కాగితాలు, 20 గడుల అసలు ఫైళ్లు సూపరింటెండెంట్ ఆఫీసులో ఒక ఫైలులో పెట్టించండి. రెండేళ్ల తర్వాత గోడలకు సున్నం వేసినప్పుడు పెయింటర్ తన ఫోన్‌లో దొరికిన ఐకాన్ వేయకుండా, అందులోదే ఇచ్చి వేయించొచ్చు.